పరీక్షకు ముందు పేగు శుద్ధి: ఏ మందు, ఎవరికి?

ఒంగోలులో ఆయుర్వేద వైద్యం చేసుకుంటున్న నన్ను ఇటీవల పలువురు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యా, పెద్దపేగు పరీక్షకు ముందు రెండు లీటర్ల మందునీళ్లు తాగమని ఆసుపత్రివారు రాసిచ్చారు. అన్ని నీళ్లు తాగడం మావల్ల కాదు. దానికి బదులు మన ఆముదమో, సునాముఖి ఆకో, త్రిఫల చూర్ణమో పుచ్చుకుంటే సరిపోదా?"

సరిపోదు. ఆయుర్వేదాన్ని నమ్మి బ్రతుకుతున్నవాడిని ఈ పత్రికలోనే ఇలా వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. కానీ ఉన్నమాట చెప్పవలెను. అయితే ఆ సమాధానంలో రెండవ సగం కూడా ఉన్నది. మందుల దుకాణంలో చేతికందిన శుద్ధి ద్రావణం ఏదైనా అందరికీ సరిపోతుందా అని ఎవరైనా అడిగితే, దానికీ నా సమాధానం సరిపోదనే. రోగి బలం, వయస్సు, కోష్ఠం చూడనిదే విరేచనౌషధం ఇవ్వరాదన్నది మన శాస్త్రం చెప్పిన తొలిపాఠం. ఆ పాఠం ఈ కొత్త ద్రావణాలకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

పరీక్ష దేనికి, శుద్ధి దేనికి?

కొలొనోస్కోపీ అంటే చివర దీపమూ కెమెరా ఉన్న, వంగే గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, సుమారు ఐదడుగుల పొడవున్న పెద్దపేగును లోపలివైపు నుంచి చూచే పరీక్ష. 1969లో న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు ఈ గొట్టం గుండానే తీగ ఉచ్చు వేసి పేగులోని పిలకను కత్తిరించి తీయగలిగారు. నాటి నుంచి ఇది చూచే పరీక్ష మాత్రమే గాక చికిత్స కూడా అయినది. పాలిప్ అని పిలువబడే ఆ పిలకలలో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సరుగా మారగలవు. వాటిని ముందే తీసివేస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. ఇంతటి మేలు చేయగల పరీక్ష మరొకటి అరుదు. మలంలో రక్తం కనబడితే మొలలేనని సరిపెట్టుకుని నెలల తరబడి పథ్యాలతో గడిపేవారు ఈ సంగతి గుర్తించవలెను.

కానీ కెమెరాకు కనబడవలసినది పేగు గోడ. ఆ గోడ మీద పలుచని మలపు పొర ఉన్నా, నాలుగు మిరపగింజలు అంటుకొని ఉన్నా, పప్పుబద్దంత చదునైన పిలక వాటి చాటున దాగిపోతుంది. పరీక్ష జరిగినట్లే ఉంటుంది, ఏమీ లేదన్న నివేదిక కూడా వస్తుంది. శుద్ధి సరిగా లేని పరీక్ష వలన కలిగే అసలు నష్టం ఈ తప్పుడు ధైర్యమే.

మన విరేచనం వేరు, ఈ శుద్ధి వేరు

విరేచన చికిత్స మనకు కొత్త కాదు. చరకసంహిత కల్పస్థానంలో పన్నెండు అధ్యాయాలు ఉండగా, అందులో ఆరు విరేచన ద్రవ్యాలకే కేటాయించబడ్డాయి. సుఖవిరేచనానికి తెగడ, మృదువిరేచనానికి రేల, తీక్ష్ణవిరేచనానికి జెముడుపాలు శ్రేష్ఠమని విభాగం చేసి చెప్పారు. పాలు, బెల్లం, చెరకురసం వంటివాటికే విరేచనమయ్యేవాడు మృదుకోష్ఠుడనీ, అట్టివాటికి కదలనివాడు క్రూరకోష్ఠుడనీ గుర్తులు ఇచ్చారు. ఉత్తమ శుద్ధికి ముప్పది వేగాలు, మధ్యమానికి ఇరువది, అల్పానికి పది అని లెక్క కూడా కట్టారు.

అయితే ఆ చికిత్స లక్ష్యం దోషనిర్హరణం. పేగు గోడను అద్దంలా తుడిచి కెమెరాకు చూపడం ఆనాటి వైద్యుని ప్రయోజనం కాదు. ప్రయోజనం వేరైనప్పుడు సాధనం కూడా వేరు కావలెను.

ఇంటి మందులను ఒక్కొక్కటిగా చూద్దాము. ఆముదం పేగులను గట్టిగా కదిలిస్తుంది, నొప్పి పెడుతుంది, పైగా నూనె జిడ్డు మిగులుతుంది. సునాముఖిలోని సారం పెద్దపేగులోని సూక్ష్మజీవుల వలన మార్పు చెంది పనిచేస్తుంది. కొందరు వైద్యులు దానిని ద్రావణానికి తోడుగా ఇస్తారు గాని, అది ఒక్కటే చాలదు. సునాముఖిని ఏళ్ల తరబడి వాడేవారికి పేగు లోపలి పొర నల్లబడుతుంది, కనుక ఆ అలవాటు ఉన్నవారు పరీక్ష చేసే వైద్యునికి ముందే చెప్పవలెను. త్రిఫల చూర్ణం నిత్యసేవనానికి మంచిదే కాని, ఆ పొడి తానే పేగులో మిగిలిపోతుంది. ఇసబ్గోలు నీటిని పీల్చి ఉబ్బి, గోడకు అంటుకుంటుంది. దానిని పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపవలెను. ఇనుము మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. వాటిని ఐదు నుంచి ఏడు రోజుల ముందు నుంచీ మానమంటారు. లోహభస్మం, మండూరభస్మం సేవించేవారు ఆ సంగతి దాచకుండా చెప్పవలెను.

ద్రావణాలను పోల్చి చూస్తే

ఇప్పుడు ఆసుపత్రులు ఇచ్చే మందుల సంగతి. ప్యాకెట్టు పైన పేరు ఏదైనా కావచ్చు, లోపల ఉన్న ఉప్పు ఏదో చదవడమే ముఖ్యం.

మొదటిది పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి. మన మందుల దుకాణాలలో పెగ్లెక్ అన్న పేరుతో దొరికేది ఈ కోవలోనిదే. 1980లో అమెరికాలోని డల్లాస్ నగరంలో జాన్ ఫోర్‌ట్రాన్ బృందం ఈ ద్రావణాన్ని రూపొందించింది. పేగు పీల్చుకోలేని పెద్ద అణువులు, వాటికి తోడు తూకం వేసి కలిపిన లవణాలు అందులో ఉంటాయి. అందువలన తాగిన నీరు ఒంటికి పట్టదు, ఒంటిలోని నీరు పేగులోనికి దిగదు. పై నుంచి క్రిందికి కడుగుకొని పోతుంది. గుండె, కాలేయం, మూత్రపిండాల బలహీనత ఉన్నవారికి వైద్యులు సాధారణంగా దీనినే ఎంచుకోవడానికి కారణం ఇదే. దీని లోపం పరిమాణం, ఉప్పని రుచి. తొలినాళ్లలో నాలుగు లీటర్లు తాగించేవారు. నేడు చాలామందికి రెండు లీటర్లతో సరిపెడుతున్నారు.

రెండవది సోడియం ఫాస్ఫేట్. చిన్న సీసాడు మందు, రెండు మోతాదులు, పైన మంచినీళ్లు. తాగడానికి సులభం కనుక రోగికి ఇష్టం. కాని దానిలోని ఫాస్ఫేటు రక్తంలో చేరి, కాల్షియంతో కూడి మూత్రపిండాల నాళికలలో పేరుకునే ప్రమాదం ఉన్నది. ఆ విధంగా శాశ్వతంగా మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఉన్నందున, 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. ఐరోపా ఎండోస్కోపీ వైద్యసంఘం 2019 మార్గదర్శకాలలో దీనిని మామూలుగా వాడవద్దని చెప్పింది.

మూడవది సోడియం పికోసల్ఫేట్, మెగ్నీషియం సిట్రేట్ కలిపిన పొడి. పరిమాణం తక్కువ, రుచి పుల్లగా బాగుంటుంది. కాని ఇది ఒంటిలోని నీటిని పేగులోనికి లాగుతుంది, కనుక పైన నీళ్లు ధారాళంగా తాగవలెను. ఉత్త మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి, వృద్ధులకు మగత, తత్తరపాటు కలుగవచ్చు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో మెగ్నీషియం పేరుకుపోతుంది.

నాలుగవది సోడియం, పొటాషియం, మెగ్నీషియం సల్ఫేట్ల ద్రావణం. 2010లో అమెరికాలో అనుమతి పొందినది. మన పెద్దలు ఎరిగిన భేది ఉప్పు కూడా మెగ్నీషియం సల్ఫేటే. అది చూచి "అయితే ఇంట్లోని భేది ఉప్పు చాలును గదా" అనుకోరాదు. ద్రావణంలో మూడు లవణాలూ తూకం ప్రకారం ఉంటాయి. మన గరిటె కొలతకు ఆ నియమం లేదు.

ఐదవది మానిటాల్. తియ్యగా ఉంటుంది, చవక. కాని పేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి మండే వాయువులను పుట్టిస్తాయి. విద్యుత్తుతో పిలకను కాల్చేటప్పుడు ఆ వాయువు పేలి ఒక రోగి మరణించిన ఉదంతాన్ని 1979లో ఫ్రాన్సు వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించారు. తీయవలసిన పిలక కనబడినప్పుడు వెంటనే కాల్చడానికి వీలులేని శుద్ధి వలన ఏమి ప్రయోజనం?

ఈ ఐదింటిలో ఏది గొప్పది అని అడిగితే నేను చెప్పలేను. ఎవరికి అని అడిగితే చెప్పగలను. ఆరోగ్యవంతుడైన నలభై ఏళ్లవాడు తక్కువ పరిమాణపు మందులలో వైద్యుడు ఎంచినది తాగవచ్చును. డెబ్బది ఏళ్లు దాటినవారికి, గుండె నీరసించినవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పాలిఇథిలీన్ గ్లైకాలే క్షేమం. రుచి బాగులేదన్న కారణానికి దానిని మార్పించుకోవడం అవివేకం.

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం

ఒంగోలుకు పడమటనున్న కనిగిరి ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడు అధికమన్నది చిరకాలంగా అందరూ ఎరిగినదే. ఆ వైపు నుంచి నా వద్దకు వచ్చేవారిలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారిని చూస్తూనే ఉన్నాను. మిరప తోటలలో, పత్తి చేలలో ఎండలో పనిచేసి, సాయంత్రానికి ఒళ్లునొప్పుల మాత్ర మింగడం మన పల్లెలలో సర్వసాధారణం. రక్తపోటుకు మాత్రలు వాడేవారు ప్రతి ఇంటా ఉన్నారు. నొప్పి మాత్రలు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, వీటికి తోడు ఒంటిలో నీరు తగ్గడం: ఫాస్ఫేటు మందు కీడు చేయడానికి అనుకూలించే పరిస్థితులు సరిగ్గా ఇవే. మే నెల ఎండలో శరీరం ముందే ఆరిపోయి ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

కనుక నా మనవి ఇది. శుద్ధి మందు కొనకముందే రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో తెలుసుకొనండి. వాడుతున్న మాత్రలన్నిటినీ, మేమిచ్చిన చూర్ణాలు, భస్మాలతో సహా ఒక సంచిలో వేసుకొని వైద్యునికి చూపండి. మందుల దుకాణంలో "అది లేదు, ఇది తీసుకోండి, రెండూ ఒకటే" అంటే తీసుకోకండి. రెండూ ఒకటి కావు.

సగం రాత్రి, సగం తెల్లవారుజామున

ఏ ద్రావణం అన్నదానితో సమానంగా ముఖ్యమైనది ఏ వేళ అన్నది. మందు మొత్తం ముందురోజు సాయంత్రమే తాగి పడుకుంటే, రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పైత్యరసం, జిగురు కలిసి పెద్దపేగు కుడిభాగాన్ని మళ్లీ పూసివేస్తాయి. చదునైన పిలకలు కంటబడకుండా పోయేది ఎక్కువగా అక్కడే. అందువలన సగం ముందురోజు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించవలెనని నేటి వైద్యసంఘాలు ముక్తకంఠంతో చెబుతున్నాయి. మధ్యాహ్నం పరీక్ష అయితే మొత్తం ఆ ఉదయమే తాగే పద్ధతి కూడా ఉన్నది.

ఇక్కడే మన ఊరివారికి ఒక చిక్కు. ఇతర కారణాల వలన పరీక్షకు గుంటూరో విజయవాడో వెళ్లేవారు చాలామంది. ఉదయం తొమ్మిది గంటలకు పరీక్ష అంటే నాలుగు గంటలకు గ్లాసు పట్టుకోవలెను. ఆ తరువాత వంద కిలోమీటర్లకు పైబడిన బస్సు ప్రయాణం ఎలా చేస్తారు? దానికి భయపడి మందంతా ముందురోజే తాగేస్తారు, లేదా ఉదయపు సగం మానేస్తారు. ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరి బంధువుల ఇంటనో గదిలోనో ఉండడం ఖర్చుగా తోచినా, పరీక్ష రెండవమారు చేయించుకోవడం కంటే అది చవక. వీలైతే మధ్యాహ్నపు సమయం ఇమ్మని అడగవచ్చును. అడగడంలో తప్పు లేదు.

దర్శి వైపు రైతు ఒకరు నాకు చెప్పిన సంగతి విన్నవించుతాను. ఆసుపత్రివారు ఇచ్చిన చీటీ అంతా ఇంగ్లీషులో ఉన్నది. ఇంటిల్లిపాదిలో దానిని చదివి చెప్పగలవారు ఆ పూట లేరు. ఆయన ముందురోజు మధ్యాహ్నం ఎప్పటివలెనే గోంగూర పచ్చడితో భోంచేసి, సాయంత్రం ఐదు గంటలకు మందంతా తాగారు. మరునాడు లోపల ఏమీ సరిగా కనబడడం లేదని పరీక్షను మధ్యలోనే ఆపి, మళ్లీ రమ్మన్నారు. మిరపకాయ కోతల కాలం. కూలీలను వదలి ఆయన మళ్లీ రాలేదు. ఆయన పేగులో ఏమున్నదో నేటికీ ఎవరికీ తెలియదు. ఒక తెలుగు కాగితం ఉండి ఉంటే ఈ స్థితి వచ్చేది కాదు.

ముందురోజు ఏమి తినవచ్చు?

పూర్వం రోజంతా పస్తుంచేవారు. ఇప్పుడు అంత కాఠిన్యం అవసరం లేదంటున్నారు. 2025లో అమెరికా వైద్యసంఘాల ఉమ్మడి మండలి ప్రకటించిన సూచనల ప్రకారం, ఇతర చిక్కులు లేనివారు ముందురోజు ఉదయం, మధ్యాహ్నం పిప్పి మిగలని తేలిక ఆహారం తినవచ్చును. మన ఇళ్లలో దానికి లోటేమున్నది? ఇడ్లీ, మెత్తని తెల్లన్నం, పెరుగు, పొట్టులేని పెసరకట్టు, తొక్క తీసిన బంగాళాదుంప, తినేవారికి కోడిగుడ్డు.

కూడనివి గృహిణులు గుర్తు పెట్టుకోవలెను. గోంగూర, తోటకూర, వంకాయ, బెండకాయ, దొండకాయ, టమాటా, జామ, దానిమ్మ, నువ్వులపొడి, శనగలు, జొన్న, సజ్జ, రాగి. మన సీమలో అన్నిటికంటె ముఖ్యంగా కొరివికారం, గింజలతో దంచిన ఏ కారమైనా. జీర్ణం కాని మిరపగింజ గొట్టపు రంధ్రంలో అడ్డుపడుతుంది, పోతూ పోతూ మంట కూడా పెడుతుంది. గింజలున్న పదార్థాలను మరి రెండు రోజుల ముందు నుంచే మానడం ఉత్తమం.

సాయంత్రం నుంచి తేట ద్రవాలే. గింజ లేకుండా వడకట్టిన చారుతేట, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని తేనీరు, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ నీళ్లు. మజ్జిగ చల్లనిదే కాని తేటది కాదు, కనుక పనికిరాదు. ఎర్రని షర్బతులు రక్తంలా భ్రమ కలిగిస్తాయి, అవీ వద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్లలోని పొటాషియం దృష్ట్యా వైద్యుని అడిగి తాగవలెను. మధుమేహం ఉన్నవారు ఆ రెండు రోజుల మాత్రలు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, రక్తం పలుచబరచే మందులు వాడేవారు వాటిని ఆపాలో వద్దో వైద్యునినే అడగవలెను. సొంత నిర్ణయం ప్రాణాంతకం కావచ్చును.

వంటింటి వైద్యానికి సరైన చోటు

మన వంటింటికి ఈ వ్యవహారంలో చోటు లేకపోలేదు. ద్రావణాన్ని చల్లబరచి, పావు లీటరు చొప్పున పది పదిహేను నిమిషాలకొకసారి తాగితే వాంతి రాదు. గ్లాసుకు గ్లాసుకు మధ్య నిమ్మచెక్క చప్పరిస్తే వెగటు పోతుంది. ద్రావణంలో మాత్రం చక్కెర, బెల్లం, గ్లూకోజు కలపరాదు, దాని తూకం చెడుతుంది. పదే పదే విరేచనమగుటచే కలిగే మంటకు ముందుగానే కొబ్బరినూనె పూసుకోవడం మంచి ఉపాయం. చివరికి గడ్డలు, తుక్కు లేకుండా లేత పసుపురంగు నీరు వంటిది దిగితే శుద్ధి ముగిసినట్లు. ఇంకా గోధుమరంగుగా, మడ్డిగా ఉంటే పరీక్షకు ముందే ఫోను చేసి చెప్పవలెను. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కలిగితే తాగడం ఆపి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలెను.

పరీక్ష తరువాత మన సంసర్జన క్రమం గుర్తుకు వస్తుంది. విరేచనానంతరం పేయ, విలేపి, యూషం అంటూ అగ్నిని క్రమంగా నిలబెట్టమన్నారు. అదే బాటలో పలుచని గంజి, ఆపై మెత్తని అన్నం, పెసరకట్టు తీసుకుంటే కడుపుకు హాయి. ఆ పూటే మిరపకాయ బజ్జీలు తినకపోతే చాలును.

చివరగా ఆసుపత్రులకూ, పాఠకులకూ చెరొక మాట. వైద్యశాలలవారు శుద్ధి ద్రావణం ఇచ్చేటప్పుడు ఏ గంటకు ఎంత తాగాలో, ఏమి తినరాదో తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కాగితం చేతికివ్వాలి. ఆ కాగితానికయ్యే ఖర్చు రూపాయికి మించదు. పాఠకులు చీటీ అందుకోగానే మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఉన్న ఉప్పు ఏది? నా మూత్రపిండాలకు, నేను వాడే మాత్రలకు ఇది సరిపడుతుందా? రెండవ సగం ఎన్ని గంటలకు తాగాలి? ఈ మూడింటికీ జవాబు వచ్చిన తరువాతే గ్లాసు ఎత్తండి. ఎత్తిన తరువాత మాత్రం చివరి చుక్క వరకు తాగండి.